సున్నా వచ్చిన మనిషి

పెద్ద డాక్టరు గారు మనుషుల దిగులును కొలుస్తారు. అదే ఆయన వృత్తి, అదే ఆయన కీర్తి. వైద్యం చేసే డాక్టర్లు వీధికొకరుంటారు, కొలవడం చేతనైనవాడు ఏ కోటికో ఒక్కడని ఆయన ఉద్దేశం. ఆ ఒక్కడూ ఎవరో ఆయన చెప్పరు, మనమే గ్రహించాలి. కుర్రతనంలోనే ఆయన ఒక ప్రశ్నల స్కేలు తయారుచేశారు. మనసెలా ఉంది, ఆకలి చచ్చిపోయిందా, నిద్ర పట్టక బాధపడుతున్నారా, రేపటి మీద ఆశ ఉందా, ఇలా వరసగా అడుగుతారు. జవాబుని బట్టి మార్కులు. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ దిగులు, తగ్గుతూ వస్తే మందు పనిచేస్తున్నట్టు, సున్నా వస్తే మనిషి బంగారం. బడిపిల్లలకి సున్నా వస్తే వీపు పగులుతుంది. ఈయన దగ్గర సున్నా వస్తే, ఆ మార్కులు దిగిన తీరుని గీతగా గీసి సభల్లో తెర మీద వేస్తారు.

ఆ స్కేలు పట్టుకుని ఆయన చాలా మెట్లెక్కారు. దిగులుకీ వానకీ సంబంధం ఉందని ఒక పరిశోధన చేశారు. కొన్నేళ్ళకి లేదని ఇంకోటి చేశారు. రెండూ అచ్చయ్యాయి, రెండిటికీ శాలువాలు కప్పారు. దిగులుకీ ఎడమచేతి వాటానికీ ఉన్న సంబంధం మీద పనిచేసిన కుర్ర డాక్టరుకి పట్టా వచ్చింది గానీ, వాడు తర్వాత ఎముకల వైద్యంలోకి మారిపోయాడు. విద్యార్థులు ఈయన్ని చాటుగా స్కేలు సారు అంటారు. ఆయనకి తెలుసు. తెలియనట్టుంటారు, లోపల్లోపల మురిసిపోతారు.

అయితే దిగులుకి అవతలి ఒడ్డున ఇంకో జబ్బుంది. అందులో మనిషి కుంగడు, పైకి లేస్తాడు. అలుపుండదు, నిద్ర అక్కర్లేదు, నోరు మూతపడదు, లోకం తన గుప్పిట్లో ఉన్నట్టుంటుంది. కొందరికి ఈ రెండూ వంతులేసుకుని వస్తాయి. ఆ లేవడాన్ని కొలవడానికి వేరే స్కేలుంది. దాన్ని తయారుచేసింది వేరే ప్రొఫెసరు. ఆ ప్రొఫెసరు ఒకప్పుడు నిండు సభలో లేచి నిలబడి, మన డాక్టరు గారి స్కేలులో ఆకలి గురించిన ప్రశ్న శుద్ధ దండగ అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆయన స్కేలుని ఈయన తన డిపార్టుమెంటు గడప తొక్కనివ్వలేదు. దిగులు లేకపోవడమే ఆరోగ్యం, దానికి రెండో కొలత దేనికి అంటారు. విద్యార్థులు తలలూపుతారు. ఊపకపోతే పట్టా చేతికి రాదు.

ఇంతమందిని కొలిచిన మనిషి భార్యని మటుకు ఎప్పుడూ కొలవలేదు. ఆవిడకి ఏ జబ్బూ లేదు కాబట్టి ఆసక్తికరమైన విషయం కూడా ఏమీ ఉండదని ఆయన నమ్మకం. డిపార్టుమెంటులో ఆవిడ మేడమ్, ఇంట్లో ఆయనకి ‘ఇదిగో’. ఆవిణ్ణి నోరారా పిలిచేది లోకంలో ఒక్కడే, తమ్ముడు. వాడికి ఆవిడ అక్క.

తమ్ముడి పేరు చిన్నా. జుట్టు సగం నెరిసినా, ఏ ఇంటికెళ్ళినా ద్వారబంధానికి తల తగిలేంత పొడుగున్నా చిన్నాయే. పెద్ద బజారుకి వెనక సందులో వాడికో కళ్ళజోళ్ళ షాపుంది. మేడ మీద కాపురం, కింద షాపు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం, మిగతా రోజులు అద్దాలు అరగదీసుకోవడం, ఫ్రేములు బిగించుకోవడం. ఇంత మామూలు బతుకు ఇంకొకడిదైతే ఎవరూ తిరిగి కూడా చూడరు. అక్క మాత్రం వారం వారం దాన్ని చూసుకుని కడుపు నింపుకునేది.

ఎందుకంటే చిన్నా కుర్రాడుగా ఉన్నప్పుడు ఒకసారి పైకి లేచాడు. నిద్ర మానేశాడు. ప్రపంచంలో చూపు మందగించినవాళ్ళందరినీ తనే బాగుచేస్తానని, షాపులో ఉన్న ఫ్రేములన్నీ దారినపోయేవాళ్ళకి పంచిపెట్టాడు. వంతెన రెయిలింగు మీద నడుస్తుంటే జనం పట్టుకొచ్చి ఇంట్లో దించారు. ఆ తర్వాత అంతకంత కిందికి పడ్డాడు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరగడానికి ఒక కాలం పట్టింది. అప్పుడు ఒక ముసలి డాక్టరు, ఇప్పుడాయన లేడు, లిథియం ఇచ్చాడు. అది భూమిలోంచి తవ్వి తీసే ఒక ఉప్పు. ఎవడి సొత్తూ కాదు, ఎవడికీ దానివల్ల పెద్దగా మిగిలేదీ లేదు, అందుకని దాన్ని పొగుడుతూ ఎవడూ సభలు పెట్టడు. చిన్నాకి మాత్రం అది అతికినట్టు సరిపోయింది. ఏళ్ళూ పూళ్ళూ గడిచిపోయాయి. వాడు మళ్ళీ లేవలేదు, మళ్ళీ పడలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. ఆ మందుకి చేతులు సన్నగా వణుకుతాయి. వేరే పనైతే ఫరవాలేదు, చిన్నాది కళ్ళజోళ్ళ పని. ఆవగింజంత స్క్రూని దాని రంధ్రంలో కూర్చోబెట్టాలి. నాలుగైదుసార్లు జారిపోయేది. ఎదురుగా నిలబడ్డవాళ్ళు మొహాలు చూసుకునేవాళ్ళు. వాడు నవ్వేసి, "మీ జోడు నన్ను చూసి సిగ్గుపడుతోందండీ" అనేవాడు. ఆ నవ్వు వెనక వాడెంత చిన్నబోతాడో అక్కకి తెలుసు.

ఇలా ఉండగా డాక్టరు గారి చేతికి ఒక కొత్త మాత్ర వచ్చింది. దానికింకా పేరు కూడా పెట్టలేదు, నంబరే. ఈ రెండు ఒడ్డుల జబ్బున్నవాళ్ళకి అది వేసి, స్కేలుతో కొలిచి, మధ్యలో పెద్ద మహాసభలో అప్పటిదాకా వచ్చిన ఫలితం చెప్పి, ఆఖర్న పేపరు అచ్చువేయాలి. ఈ ఒక్క స్టడీ నెగ్గితే ఇంక తన పేరు పాఠ్యపుస్తకాల్లోంచి ఎవడూ పీకలేడని ఆయన లెక్క. మందు కంపెనీవాళ్ళు కూడా, సార్, పైకి లేవడాన్ని కొలిచే స్కేలు కూడా వాడితే మంచిదేమో అని నసిగారు. డాక్టరు గారు వాళ్ళని చూసిన చూపుకి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అన్నీ కుదిరాయి, పేషెంట్లే చాల్లేదు. ఉన్న మందుతో నిలకడగా ఉన్నవాళ్ళు దాన్ని మానేసి దీనికి రమ్మంటే రావడం లేదు. రోగులకి సైన్సు మీద బొత్తిగా గౌరవం లేకుండా పోయిందని ఆయన బాధపడ్డారు.

ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర చిన్నా మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. నీళ్ళు అంచు దాకా ఊగాయి. డాక్టరు గారు తినడం ఆపి ఆ గ్లాసు వంకే చూశారు. అక్కకి ఆ చూపు తెలుసు. ఆయన మనిషిని చూడ్డం మానేసి ఇంకేదో చూస్తున్నప్పటి చూపది.

"ఆ చెయ్యి ఎన్నాళ్ళిలా చిన్నా?" అన్నారాయన.

"అలవాటైపోయింది బావగారూ. గ్లాసు సగమే నింపుకుంటాను."

"అది ఆ పాత మందు చేసే పని. నా దగ్గర కొత్తదుంది. వణుకుండదు."

అక్క గరిటె కింద పెట్టింది. "వాడు బాగానే ఉన్నాడుగా. నడుస్తున్న మిషను విప్పడం దేనికండీ?"

"బాగుండడం వేరు, ఇంకా బాగుండడం వేరు."

"వాడికి ఇంకా అక్కర్లేదు."

"వాణ్ణే అడుగు" అన్నారు డాక్టరు గారు.

చిన్నా తన చేతుల్ని బల్ల మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు. "నిజంగా వణకదా బావగారూ?" అన్నాడు. ఆ గొంతులో ఆశ ఉంది. ఆ ఆశ మీద నీళ్ళు చల్లాలంటే ఆవిడకి మనసు రాలేదు. అంతే, ఆ ఒక్క నిమిషంలో పని జరిగిపోయింది. ఉప్పు ఆపేశారు, నంబరు మొదలుపెట్టారు.

మొదట్లో డాక్టరు గారి మాటే నిజమైంది, అది ఒప్పుకోకపోతే అన్యాయం. కొన్ని వారాలకి చేతుల వణుకు పోయింది. ఒక ఆదివారం చిన్నా వంటింట్లోకెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు పట్టి, చుక్క కూడా తొణక్కుండా తీసుకొచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరు గారు వెంటనే లేచి వెళ్ళి ఆ సంగతిని సభలో చేయబోయే ప్రసంగంలో రాసుకున్నారు. స్కేలు మీద మార్కులు కూడా వారం వారం దిగుతున్నాయి. ఇంత అందంగా దిగే గీతని తన జీవితంలో చూడలేదని, ఆ కాగితాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగారాయన.

తర్వాత చిన్నా షాపుకి రంగు వేశాడు. పసుపు వేసి, అది ఆరకముందే నీలం వేశాడు. ఆకుపచ్చ అయింది. అదే కావాలన్నాడు. తర్వాత తెల్లారకముందే ఫోన్లు మొదలయ్యాయి. "అక్కా, ముక్కు మీద ఆనకుండా నిలబడే కళ్ళజోడు కనిపెట్టాను" అనేవాడు. ఎలా నిలబడుతుందిరా అంటే ఆ మాట అయ్యేలోపు ఇంకో మూడు మాటలు చెప్పేవాడు. ఒకరోజు మధ్యాహ్నం సంచీ నిండా కళ్ళజోళ్ళు తెచ్చి అక్క మంచం మీద కుమ్మరించాడు.

"ఇది చదువుకోడానికి. ఇది వంటకి. ఇది వాన పడేటప్పుడు పెట్టుకో. ఇది బావగారితో పోట్లాడేటప్పుడు."

"మేం పోట్లాడుకోం కదరా."

"జోడు లేక. ఇప్పుడుందిగా."

అక్క పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే తమ్ముడి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ తళతళ ఆవిడ మునుపొకసారి చూసింది, ఫ్రేములు రోడ్డు మీద పంచిపెట్టిన రోజుల్లో. నవ్వు అలాగే పెదాల మీద ఉంచుకుని, రాత్రి పడుకున్నావురా అని అడిగింది.

సాయంత్రం భర్త ఇంటికి రాగానే అడిగింది. "వాడు నిద్రపోవడం లేదండీ."

"మావాళ్ళు ఆ ప్రశ్న అడిగారు. నిద్ర పట్టక బాధపడుతున్నారా అంటే, బాధేంటి, నిద్రంత దండగమారి పని ఇంకోటి లేదు, హాయిగా ఉంది అన్నాట్ట. సున్నా."

"తినడం కూడా లేదు."

"తీరిక లేదన్నాడు. ఆకలి చచ్చిపోయిందని అనలేదు. సున్నా."

"మునుపూ ఇలాగే మొదలైంది. నేను కళ్ళారా చూశాను. మీరు చూడలేదు, అప్పటికి మన పెళ్ళి కాలేదు."

"ఒక్క మనిషి చూసింది సాక్ష్యం కాదు" అన్నారాయన చాలా ఓపిగ్గా. "తమ్ముడు నవ్వితే నీకు భయమేస్తోంది. ఆలోచించు, ఇక్కడ జబ్బు ఎవరిది? కావాలంటే నీకూ స్కోరు వేయిస్తాను."

అక్క అంతటితో ఊరుకోలేదు. మర్నాడు డిపార్టుమెంటుకే వెళ్ళింది. చిన్నా స్కోరు వేయించుకునే రోజది. గది బయట బెంచీ మీద కూర్చుంటే లోపల్నుంచి వాడి గొంతు ఆగకుండా వినిపిస్తోంది. ప్రశ్నలడగాల్సిన అమ్మాయి గొంతు ఎక్కడా లేదు. ఆ అమ్మాయి కుర్ర డాక్టరు, పని స్కోర్లు వేయడం. కాసేపటికి చిన్నా ఈల వేసుకుంటూ బయటికొచ్చి, అక్కని చూసి, చెయ్యి ఊపి, మెట్లు మూడేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి కాగితం పట్టుకుని పక్క గదిలో డాక్టరు గారి దగ్గరికెళ్ళింది. తలుపు తీసే ఉంది.

"సార్, ఆయన కుర్చీలో కూర్చోలేదు. గది చుట్టూ తిరుగుతూనే జవాబులు చెప్పారు. మధ్యలో నా కళ్ళజోడు తీసేసుకుని కాడలు వంచి పెట్టారు. ఇదంతా ఎక్కడైనా రాయమంటారా?"

"స్కేలులో ఆ ప్రశ్న ఉందా?"

"లేదు సార్."

"మరి?"

ఆ అమ్మాయి బయటికొచ్చి అక్కని చూసి ఆగింది. ఏదో చెప్పబోయి మింగేసింది. పట్టా చేతికి రాలేదింకా. అక్క లోపలికెళ్ళి, "ఆపెయ్యండి. వాడి పాత మందు వాడికి ఇచ్చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను" అంది. డాక్టరు గారు లేచి తలుపు మూసి, సభ అయ్యాక మాట్లాడదాం అన్నారు. సున్నా వచ్చినవాడికి వైద్యం మారుస్తే నలుగురూ నవ్వుతారు అన్నారు.

మహాసభ ఒక పెద్ద హోటలు పై అంతస్తులో పెట్టారు. హాలు పక్కనే అద్దాల తలుపులు, వాటికవతల ఆరుబయలు డాబా. ముందు వరసల్లో మనసు వైద్యంలో తలపండినవాళ్ళంతా కూర్చున్నారు. ఆ రెండో స్కేలు ప్రొఫెసరు కూడా మొదటి వరసలోనే, చేతులు కట్టుకుని. అక్క చివరి వరసలో కూర్చుంది. డాక్టరు గారు తెర మీద గీత చూపించారు, గ్లాసు సంగతి చెప్పారు, అక్కడ గొంతు కొంచెం బొంగురు పోనిచ్చారు. ఆ తర్వాత, "అంకెలు చాలు, మనిషినే చూడండి" అని చిన్నాని పిలిచారు.

చిన్నా కళ్ళకో జోడు, నుదుటి మీదో జోడు పెట్టుకుని వేదిక ఎక్కాడు. మైకు అందుకుని బావగారిని పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక జోకు చెప్పాడు, ఇంకా గట్టిగా కొట్టారు. ఇంత కళగల పేషెంటుని తామెప్పుడూ చూడలేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. మాటల వేగం పెరిగింది. మైకు పట్టుకునే వేదిక దిగి మొదటి వరసలోకొచ్చాడు. "అయ్యా, మీరు పెట్టుకున్న జోడు తప్పు. మీదీ తప్పే. అసలు ఈ హాల్లో ఒక్కడికీ సరిగ్గా కనబడ్డం లేదు" అంటూ ఒక్కొక్కరి ముక్కు మీంచి కళ్ళజోడు లాక్కోవడం మొదలుపెట్టాడు. ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని వెనకవాళ్ళు కేరింతలు కొట్టారు. ముందువాళ్ళు మొహమాటానికి నవ్వారు. చూస్తూండగానే రెండు వరసలు ఖాళీ చేసి, దోసిలి నిండా కళ్ళజోళ్ళతో అద్దాల తలుపు తోసుకుని డాబా మీదికి వెళ్ళిపోయాడు. మనుషుల మనసు లోతులు చూసే మహామహులంతా పక్కవాడి మొహం ఆనక కుర్చీలు తడుముకుంటున్నారు. డాక్టరు గారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఎందుకంటే ఆయన జోడు కూడా పోయింది.

అక్క పరిగెత్తింది. వెళ్ళేసరికి చిన్నా పిట్టగోడ ఎక్కి నిలబడ్డాడు. కింద వీధిలో మనుషులు బొమ్మల్లా ఉన్నారు. వాళ్ళందరికీ కళ్ళజోళ్ళు విసిరేస్తాడట, లోకానికి చూపొస్తుందట. గాలికి వాడి చొక్కా తెరచాపలా లేస్తోంది.

ఆవిడ వెనకాలే తలుపు దగ్గరికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఆ రెండో స్కేలు ప్రొఫెసరు జాగ్రత్తపరుడు, జేబులో ఇంకో కళ్ళజోడు ఉంచుకుంటాడు. అది పెట్టుకుని చిన్నాని కిందినుంచి పైదాకా చూసి, "మాటల వేగం, పూర్తి మార్కులు. నిద్ర అడగాలి గానీ చూస్తే తెలుస్తూనే ఉంది. మీ పేషెంటు నా స్కేలుకి అచ్చుగుద్దినట్టు సరిపోయాడు" అన్నాడు.

"మొన్ననే నా స్కేలు మీద సున్నా వచ్చింది" అన్నారు డాక్టరు గారు, కళ్ళు చికిలించి అటూ ఇటూ చూస్తూ.

"వస్తుంది మరి. మీ స్కేలు మీద శవానికి కూడా సున్నాయే వస్తుంది. ఆకలి చచ్చిందని అదెప్పుడూ ఫిర్యాదు చెయ్యదు."

"ఆకలి ప్రశ్న జోలికి రాకండి."

అక్కడ, ఆ తలుపు దగ్గర, మనిషి గోడ మీద నిలబడి ఉండగా, వాళ్ళిద్దరూ ఆకలి ప్రశ్న గురించి వాదించుకున్నారు. ఇది అక్షరాలా జరిగింది. స్కోర్లు వేసే అమ్మాయి ఒక్కతే మూల నిలబడి అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది.

అక్క గోడ దగ్గరికి నడిచింది. గొంతు వంటింట్లోంచి పిలిచినట్టు పెట్టింది. "చిన్నా, నా జోడు స్క్రూ ఊడింది. ఏమీ కనపడి చావడం లేదు. కాస్త చూసి పెట్టరా."

"ఇప్పుడా అక్కా? ఊరంతా ఎదురుచూస్తోంది."

"ఊరు ఆగుతుంది. నేనాగలేను. తల తిరుగుతోంది."

చిన్నా వీధి వంక చూశాడు, అక్క చేతిలో ఉన్న జోడు వంక చూశాడు. ఎంత ఎత్తున ఉన్నా పని పనే. గోడ దిగొచ్చి నేల మీద చతికిలబడి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. ఊడని స్క్రూనే విప్పి మళ్ళీ బిగించాడు, ఒక్క దెబ్బలో. చెయ్యి రాయిలా ఉంది. వణుకుతున్నది అక్క. ఆవిడ వాడి మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది, అంబులెన్సువాళ్ళు వచ్చి వేళ్ళు విడదీసేదాకా వదల్లేదు.

చిన్నాని డాక్టరు గారి ఆస్పత్రిలోనే తాళం వేసే వార్డులో చేర్చారు. మొదటి రోజులు చెప్పుకునేవి కావు. అక్క పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేది. ఇంట్లో డాక్టరు గారితో మాటల్లేవు. మాటల్లేవని ఆయన గమనించలేదు, పేపరు రాసుకుంటున్నారు. ఒక సాయంత్రం ఆయనే పలకరించారు, ఉల్లాసంగా.

"ఇదిగో, నీ తమ్ముడి వల్ల స్టడీ దెబ్బతింటుందేమో అని హడలి చచ్చాను. ఏం కాలేదు."

"ఏం కాలేదా?"

"మధ్యలో మానేసినవాళ్ళకి ఒక పద్ధతుంది. చివరిసారి ఎంత స్కోరు వచ్చిందో అదే ఆఖరుదాకా ఉన్నట్టు మోసుకెళ్తాం. నేను కనిపెట్టింది కాదు, అందరూ చేసేదే. చిన్నాకి చివరిసారి సున్నా."

"అంటే?"

"అంటే పూర్తిగా నయమైనట్టు. స్టడీ మొత్తానికి వాడిదే మొదటి స్థానం."

"వాడు తాళం వేసిన గదిలో ఉన్నాడండీ."

"అది స్టడీ బయట జరిగింది" అన్నారు డాక్టరు గారు, పిల్లలకి ఎక్కం చెప్పినట్టు.

అక్కకి ఆ క్షణంలో ఆయన మీద వచ్చింది కోపం కాదు. కోపమైతే మనిషి మీద వస్తుంది. అసహ్యం వేసింది, ఇన్నాళ్ళూ ఆ బల్ల ముందు కూర్చుని ఆ మాటలకి తనూ తలూపినందుకు తన మీద కూడా వేసింది.

మర్నాడు పొద్దున్న డాక్టరు గారు విద్యార్థుల్ని వెంటేసుకుని వార్డుకి వచ్చేసరికి అక్క మంచం పక్కన స్టూలు మీద ఉంది. చిన్నా కూర్చుని ఉన్నాడు. కళ్ళలో తళతళ పోయింది. మందుల మగతకి మాట ముద్దగా వస్తోంది.

"బావగారూ, అక్క చెప్పింది. మీ పేపర్లో నాకు నయమైందటగా."

"ఆ. పద్ధతి ప్రకారం."

"అయితే ఇంటికెళ్ళచ్చా? షాపు మూసి చాలా రోజులైంది."

"ఇప్పుడే కాదు చిన్నా. నీకింకా బాగాలేదు."

చిన్నాకి ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి కాస్త టైము పట్టింది. "రెండూ ఎలా బావగారూ?" అన్నాడు. ఎగతాళికి కాదు, ఎగతాళి చేసే ఓపిక వాడికెక్కడిది, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. విద్యార్థుల్లో ఒకడికి దగ్గొచ్చింది. మిగతావాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు.

"అది వేరే లెక్క" అన్నారు డాక్టరు గారు.

"సరే. పాత మందు మళ్ళీ మొదలుపెట్టారుగా. మునుపటిలా పట్టుకుంటుందా?"

డాక్టరు గారు తన జీవితంలో కొద్దిసార్లు నిజం చెప్పారు. అది వాటిలో ఒకటి. "చెప్పలేను. కొందరికి ఆపి మళ్ళీ ఇస్తే మునుపటంత పట్టదు."

అక్క స్టూలు మీంచి లేచింది. "ఈ మాట ఆపకముందు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదుగా. అయినా ఖాయంగా అలా అవుతుందని కాదు. ఎంతమందికి అవుతుందో, ఎవరికి అవుతుందో సరిగ్గా ఎవరూ కొలవ..." అని, అక్కడ ఆగిపోయారాయన. చిన్నా వంకే చూస్తున్నారు. భోజనాల బల్ల దగ్గర చూసిన చూపు. "చాలా మంచి ప్రశ్న చిన్నా" అన్నారు. స్కోర్లు వేసే అమ్మాయి వైపు తిరిగి, "రాసుకోమ్మా. పాత మందు ఆపి మళ్ళీ ఇచ్చినవాళ్ళ మీద స్టడీ. వీడితోనే మొదలుపెట్టచ్చు" అన్నారు.

"నేను పనికొస్తానంటే సరే బావగారూ" అన్నాడు చిన్నా. చిన్నప్పట్నుంచీ వాడికి కాదనడం రాదు.

ఆ అమ్మాయి కలం తెరిచింది గానీ కాగితం మీద పెట్టలేదు. అక్క వంక చూసింది.

"రాయొద్దు" అంది అక్క.

"వాడు సరే అన్నాడు కదా" అన్నారు డాక్టరు గారు.

"వాడు ఆ రోజూ సరే అన్నాడు. నోరు మూసుకున్నది నేను. వీణ్ణి ఇవాళే వేరే ఆస్పత్రికి మారుస్తున్నాను. నిన్ననే మాట్లాడాను, వాళ్ళ బండి కింద ఉంది. మీరిక వీడికి బావగారే. డాక్టరు కాదు. నాకు మీరేమవుతారో వీడి సంగతి తేలాక చూద్దాం."

డాక్టరు గారి మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి మొహంలో అంత దిగులు అక్క ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి ఆయనకి లోపల ఎక్కడో తగిలిందనుకుంది. తమ్ముడి కోసమేమో, పోనీ తన కోసమేమో అనుకుని, ఒక్క క్షణం మెత్తబడింది కూడా.

"ఎక్కడికి? కొంపదీసి ఆ ప్రొఫెసరు దగ్గరికి కాదు కదా?" అన్నారాయన.

అక్క వంగి, మంచం కిందున్న చెప్పులు తీసి తమ్ముడి కాళ్ళకి తొడిగింది.